బానెట్ మీద మూడంకెలు

మా కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలు క్యాంటీన్‌లో నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అంకుల్, మీది ఏ డిపార్ట్‌మెంట్?"

"అంకెలు" అని చెప్పేవాణ్ని.

"ఓ, అకౌంట్సా?"

"కాదు బిడ్డా, నిజం అంకెలు" అనేవాణ్ని. పక్క టేబుల్ దగ్గర అకౌంట్స్ వాళ్లుంటే ఇంకొంచెం గట్టిగా అనేవాణ్ని.

ట్రాక్టర్ బానెట్ పక్కన పెద్దగా కనిపించే మోడల్ నంబరు ఉంటుంది చూడండి, అది వేయడం నా పని. మొదట స్టెన్సిల్ పెట్టి రంగు కొట్టాను. తర్వాత రేకు బ్యాడ్జీలు బిగించాను. ఆ తర్వాత స్టిక్కర్లు వచ్చాయి, ఆ పనికి నన్నే పెద్దను చేశారు. చివరి ఏళ్లలో రాయదుర్గం ఆఫీసులో, కొత్త ట్రాక్టర్‌కి ఏ నంబరు పెట్టాలో తేల్చే మీటింగుల్లో కూర్చున్నాను. ఎనిమిదో తరగతిలో లెక్కల పరీక్షకు భయపడి బడి ఎగ్గొట్టినవాణ్ని, మళ్లీ ఆ దిక్కు పోలేదు. అలాంటివాడికి జీవితమంతా అంకెలతోనే పని పడింది. పైవాడికి కూడా నాలాగే వెటకారం ఎక్కువ.

ఇప్పుడు రిటైరయ్యాను. నాకు ఎప్పుడు ఇంక్రిమెంట్ వచ్చింది, ఎవరు ఆపారు అన్నది రాయను. అవి మీకూ వస్తాయి, మీకూ ఆపుతారు. నేను రాసేది ఒక్క సంగతి. నాకు ఉద్యోగమిచ్చిన సుబ్బారావు గారు మా ట్రాక్టర్లకు ఒక నంబర్ల పద్ధతి పెట్టారు. నేను దిగిపోయే ముందు ఆఫీసువాళ్లు ఆ పద్ధతిని ఎత్తేయాలని చూశారు. ఎత్తేస్తే ఆయన పెట్టిన నియమం కూడా దానితోనే పోయేది. అది పోయిందా, నిలిచిందా అన్నదే ఈ కథ.

నా మూడు నచ్చింది

బాలానగర్‌లో లారీలకు రంగులు వేసే షెడ్డులో ఉండేవాణ్ని. బళ్ల వెనక తలుపుల మీద నంబర్లు రాసేవాణ్ని. ఒక రోజు ఇన్‌షర్ట్ చేసుకున్న ఒకాయన వచ్చి, ఆగి ఉన్న లారీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్క వీధిలో కొత్తగా పెట్టిన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజనీరు. తెనాలి వైపు మనిషి. ఆయనే సుబ్బారావు గారు.

"ఈ మూడు ఎవరు రాశారయ్యా?"

"నేనే సార్. ఏమన్న తప్పయిందా?"

"కింద పొట్ట పెద్దగా ఉందేంటి?"

"మీది పొట్ట, కింది పొట్ట ఒక్క తీరుగ ఉంటే దూరంకెళ్లి ఎనిమిది లెక్క కొడ్తది సార్. మూడంటే అన్నం తిన్నోని లెక్క ఉండాలె."

ఆయన చాలాసేపు నవ్వాడు. "రేపు మా ఫ్యాక్టరీకి రా. అన్నం తిన్న ఆరు కూడా ఒకటి కావాలి" అన్నాడు.

మా మొదటి ట్రాక్టర్ పేరు ముప్పై ఆరు. ఉత్త ముప్పై ఆరు, ముందూ వెనకా ఏమీ లేదు. ఆరు కోసం నేను జింకు రేకు మీద గీత గీసి కోస్తే మధ్యలో గుండ్రటి ముక్క ఊడి కిందపడింది. రంగు కొడితే ఆరు కాదు, బెండకాయ వచ్చింది. సుబ్బారావు గారు నా పక్కన కూర్చుని, ఆ ముక్క ఊడకుండా సన్నటి రేకు పట్టీ వదలడం నేర్పించారు. దాన్ని మేం వంతెన అనేవాళ్లం. సున్నా, నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, వీటన్నిటికీ వంతెన కావాలి. రంగు ఆరాక ఆ వంతెన చోటును సన్న కుంచెతో పూడ్చాలి. బానెట్ మీద నంబరు ఏ కొంచెం చెదిరినా తుడిచేసి మళ్లీ వేయాల్సిందే. ఆ విషయంలో ఆయన దగ్గర కనికరం లేదు. నాకూ తర్వాత అదే అలవాటైంది.

నంబరు ఎక్కడి నుంచి వస్తుంది

ట్రాక్టర్ నంబర్లు ఎవరో గదిలో కూర్చుని లాటరీ తీస్తారనుకుంటారు జనం. మొదట్లో అన్ని కంపెనీలూ పట్టుకునేది హార్స్ పవర్‌నే. రైతు అడిగే మొదటి మాట అదే గనక. ముప్పై ఆరు గుర్రాల బలముంటే బండి పేరు ముప్పై ఆరు. అంతవరకూ ఇబ్బంది లేదు. ఇబ్బంది రెండో బిడ్డ పుట్టినప్పుడు వస్తుంది.

మాకూ అలాగే వచ్చింది. కొత్త గేర్‌బాక్సుతో ఇంకో బండి తయారైంది. బలం అంతే. రెండింటికీ ముప్పై ఆరు అని పెడితే స్పేర్ పార్టుల దుకాణంలో కొట్లాటలే. అప్పుడు సుబ్బారావు గారు పద్ధతి పెట్టారు. మూడంకెలు. ముందు అంకె తరం, వెనక రెండంకెలు బలం. కాబట్టి రెండో తరం ముప్పై ఆరు బలం బండి, 236. రైతుల నోట్లో అది 'రెండు ముప్పయ్యారు' అయింది. ఇంజనో గేర్‌బాక్సో బ్రేకులో, లోపలి సరుకు మారితేనే తరం మారినట్టు. బానెట్ వంపు మార్చి, సీటుకి మెత్త వేసి తరం మారిందంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు.

ఇక బలం సంగతి. ఫ్యాక్టరీలో ఇంజన్‌ని బెంచీ మీద బిగించి బలం కొలుస్తారు. 236 ఇంజన్ ఆ బెంచీ మీద ముప్పై ఎనిమిది చూపించింది. నేను సంతోషంగా ఎనిమిదికి రేకు తీశాను, వంతెన వదలడం వచ్చేసింది కదా అని.

"ముప్పై ఆరే వెయ్యి" అన్నారు సుబ్బారావు గారు.

"ముప్పై ఎనిమిది ఇస్తుంది గద సార్?"

"ఇక్కడ ఇస్తుంది. చల్లటి షెడ్డు, కొత్త ఫిల్టరు, వడగట్టిన డీజిలు. మే నెలలో దుమ్ములో నల్లరేగడి దున్నేటప్పుడు ఎంత ఇస్తుంది? అది రాయాలి. తక్కువ రాయొచ్చు యాదగిరీ. ఎక్కువ రాయకూడదు."

ఇదీ ఆయన నియమం. ఇంతకంటే పెద్ద పాఠం నేను ఉద్యోగంలో నేర్చుకోలేదు.

చిన్న పాఠాలు మాత్రం చాలా ఉన్నాయి. నంబర్ల మధ్య ఖాళీ వదలాలి, లేకపోతే మధ్యలో ఇంకో మోడల్ పుట్టినప్పుడు కూర్చోబెట్టడానికి చోటుండదు. నంబరు పొలం ఈ గట్టు మీద నుంచి ఆ గట్టుకి ఒక్క ఊపిరిలో అరిచేలా ఉండాలి. చివర ఏడు వస్తే డీలర్లు మొహం చిట్లించేవాళ్లు. ఏడుపు గుర్తొస్తుందని వడ్లు కొలిచేటప్పుడు ఏడు అనని మనుషులకు ఏడు అని రాసిన బండి ఎలా అమ్ముతారు? ఇవేవీ పుస్తకాల్లో లేవు. ఉన్నా నేను చదివేవాణ్ని కాదనుకోండి.

నంబరు జనంలో ఎంత దూరం పోతుందంటే, జనగామ దగ్గర ఒక ఊళ్లో మొదట మా బండి కొన్న మల్లయ్యకు ముప్పయ్యారు మల్లయ్య అని పేరు పడింది. ఆయన కొడుకు పెళ్లి కార్డు మీద కూడా అదే అచ్చు వేయించారు. ఆ కార్డు మా రంగుల షెడ్డులో గోడకి అంటించుకున్నాం. ఆ రోజు మధ్యాహ్నం టీ ఖర్చు సుబ్బారావు గారిదే.

కంపెనీ చేయని మోడల్

మూడో తరం వచ్చేసరికి స్టిక్కర్లు వచ్చాయి. కొత్త బ్రేకులు, కొత్త స్టీరింగ్. ఇంజన్ మాత్రం పాతదే. పద్ధతి ప్రకారం 336 అవ్వాలి. అప్పుడు సేల్స్‌కి వినోద్ సార్ అని ఒకాయన పెద్ద. చెడ్డవాడేం కాదు. మీటింగులో సమోసాలు తెప్పించేది ఆయనొక్కడే.

"పక్క కంపెనీవాడు నలభై అని అమ్ముతున్నాడు" అన్నాడు. "మనది బెంచీ మీద ముప్పై ఎనిమిది ఎట్లాగూ ఇస్తోంది. ఇంకో రెండు కలిపితే ఎవరికి తెలుస్తుంది? 340 పెడదాం."

"పొలానికి తెలుస్తుందండి" అన్నారు సుబ్బారావు గారు.

పొలానికి మీటింగులో ఓటు లేదు. 340 ఖాయమైంది. సుబ్బారావు గారిని డీలర్ల మెకానిక్కులకు శిక్షణ ఇచ్చే చోటుకి మార్చారు. నా స్టిక్కర్ల లైన్‌లో మూడు పక్కన నలభై వచ్చి కూర్చుంది. చూడ్డానికి బాగానే ఉంది. అబద్ధం స్టిక్కర్‌లో ఎప్పుడూ బాగానే ఉంటుంది.

కొన్నాళ్లకు జనగామ డీలర్ ఫోన్ చేశాడు, స్టిక్కర్లు లేచిపోతున్నాయి, మనిషిని పంపమని. వెళ్లాను. షోరూమ్ ముందు ఒక పాత ట్రాక్టర్ ఆగి ఉంది. బండి చూస్తే మా 236. బానెట్ మీద మాత్రం ఎర్రగా మెరుస్తూ 240 అని ఉంది. అలాంటి మోడల్ మా కంపెనీ చేయనే లేదు. దాని ఓనరు కొమురయ్య టైరు మీద కాలు పెట్టి బీడీ కాలుస్తున్నాడు.

"ఏందే అన్నా గిది? రెండు నలభై ఏడికెళ్లొచ్చింది?" అని అడిగాను.

"బస్టాండ్ కాడ రేడియం షాపుల ఏపిచ్చిన. మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది గని, అసుంటి బండి లేదు గద!"

"ఎట్ల లేదు? మా పక్క చెల్కల ఆయన మీ మూడు నలభై కొన్నడు. మొన్న ఇద్దరం ఒక్క తీరు నాగళ్లు కట్టి, పక్కపక్కన దున్నినం. నాది ఏడ ఆగితే ఆయనది గూడ ఆడనే ఆగింది. బానెట్ లేపి చూస్తె ఇంజన్ ఒక్కటే. బిరేకులు, స్టీరింగ్ ఆయనయి కొత్తయి, ఒప్పుకుంట. అందుకే మూడు ఏపిచ్చుకోలే, రెండే ఉంచిన. గని గా ఇంజన్ నలభై అయితే నాది గూడ నలభయ్యే గద తమ్మీ?"

  సుబ్బారావు గారి పద్ధతిని మా సేల్స్ డిపార్ట్‌మెంట్ కంటే కొమురయ్య బాగా పాటించాడు. తరం అంకె ముట్టుకోలేదు. మేం చెప్పిన అబద్ధాన్ని మాత్రం తన బండికి కూడా సమానంగా పంచుకున్నాడు.

ఆయన ఒక్కడే అయితే ఫికర్ లేకపోవును. రేడియం షాపతను నన్ను చూసి చేయి కలిపాడు, గిరాకీ మీవల్లే అన్నా అని. చుట్టుపక్కల ఊళ్లలో 240లు పుట్టుకొచ్చాయి. స్పేర్ పార్టుల దుకాణాల నుంచి మా ఆఫీసుకి ఫోన్లు, "రెండు నలభై క్లచ్ ప్లేటు ఉన్నదా?" అని. వినోద్ సార్ మొదటి రెండు ఫోన్లకి నవ్వాడు. తర్వాత ఆయన గదిలోకి సమోసాలు వెళ్లడం ఆగిపోయింది. మరుసటి ఏడు ఎవరూ ఏమీ ప్రకటించకుండానే 340 పోయి 336 వచ్చింది. సుబ్బారావు గారు డిజైన్‌కి తిరిగొచ్చారు. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనే రెండు మూడుసార్లు ఎత్తబోతే, "ఆ ఆరు వంకరగా ఉంది, చూసుకో" అన్నారు. ఆరు బాగానే ఉంది.

పిల్లలూ, బాసుల్లో ఎవరు మంచివాళ్లని అడిగితే ఇదే చెబుతాను. తను చెప్పింది నిజమని తేలిన రోజున కూడా మిమ్మల్ని పనిలో పెట్టేవాడు మంచి బాసు.

రాయదుర్గంలో ఇరుక్కున్నాం

కాలం మారింది. బాలానగర్ ఫ్యాక్టరీ ఊరి బయటికి పోయింది. ఆఫీసు రాయదుర్గంలో అద్దాల బిల్డింగ్‌కి వచ్చింది. మెట్రో దిగితే ఎదురుగా కనిపిస్తుంది. ట్రాక్టర్ల కంపెనీయే గానీ కిటికీలో నుంచి ఎంత దూరం చూసినా ఒక్క ట్రాక్టర్ కనిపించదు, కార్లూ క్యాబులే. మొదట్లో నాకు ఊపిరాడలేదు. తర్వాత ఏసీ అలవాటైంది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, చల్లగా ఉంటే ఇంకా తొందరగా పడతాడు.

నాలుగో తరం బళ్లు తయారయ్యాయి. ముప్పై ఆరు బలంది 436. నలభై అయిదుది 445. వాటితో గొడవ లేదు. ఈసారి మామిడి, బత్తాయి తోటల్లో చెట్ల మధ్య తిరిగేందుకు మొదటిసారి ఒక చిన్న బండి కూడా చేశారు. ఇరవై హార్స్ పవర్. నాలుగో తరం, ఇరవై బలం. మీరే కలుపుకోండి.

మీటింగులో తెర మీద అది పెద్ద అక్షరాల్లో వచ్చింది. 420. మోసగాడికి మన దేశమంతటా ఉన్న పేరు. గదిలో ఒక్కరూ నవ్వలేదు. అందరికీ చాలా రోజుల నుంచి తెలుసు, ఎవరూ పైకి అనలేదు, అంతే. అందరి తరఫునా నేనే నవ్వాను.

ఆ బండి బాధ్యత షారోన్ అనే అమ్మాయిది. విజయవాడ పిల్ల. నన్ను యాదగిరి గారూ అని పిలుస్తుంది, నాకు అదొక ఇంక్రిమెంట్. పాపం ఆ రోజు ఆమె మొహం చూడాలి.

మార్కెటింగ్ పెద్ద కార్తీక్ సార్ అన్నాడు, "అసలు ఈ నంబర్లే వద్దు. ఎవరో ఎప్పుడో పెట్టిన పద్ధతి. అన్ని మోడళ్లకీ పేర్లు పెడదాం. నంబరు ఉంటేనే కదా ఈ తలనొప్పి?"

"ఒక్క బండి కోసం అన్నిటివీ తీసేయడం ఎందుకండి?" అంది షారోన్.

"జర ఆగుండ్రి సార్" అన్నాను. "ఒకటి కలిపి 421 పెడదాం. అయిపాయె."

"421 అంటే 420కి తమ్ముడంటారు అన్నా" అన్నాడు కార్తీక్. ఈసారి గదంతా నవ్వింది. నా జోకు కంటే ఆయన జోకు బాగుంది, ఒప్పుకోవాలి. "వచ్చే నెల బోర్డు మీటింగ్. అప్పటికి మీ నంబరు ఏదో తేల్చండి. లేదంటే పేర్లే."

వచ్చే నెల నా ఆఖరి నెల కూడా.

క్యాంటీన్‌లో షారోన్ చాయ్ తాగకుండా కప్పు తిప్పుతూ కూర్చుంది. "ఈ పద్ధతి పెట్టినాయన ఇంకా ఉన్నారాండి?"

"ఉన్నరు మేడం. గోపన్‌పల్లిల. మన కంటె గట్టిగనే ఉన్నరు."

"వెళ్దామాండి?"

గోపన్‌పల్లి

ఒకప్పుడు సుబ్బారావు గారు గోపన్‌పల్లిలో చోటు కొన్నానంటే, అక్కడ నక్కలకి నంబర్లు వేస్తారా సార్ అని ఏడిపించాను. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ బ్లాకులకే నంబర్లు చాలడం లేదు. ఆయన ఫ్లాటుకి వెళ్లేసరికి, బల్ల మీద పక్కింటివాళ్ల మిక్సీ విప్పుకుని కూర్చున్నారు. ఆ అపార్ట్‌మెంట్‌లో మిక్సీ చెడితే షాపుకి వెళ్లదట.

"ఏమయ్యా, ఇంకా పీకలేదా నిన్ను?"

"ఇంకో నెలున్నది సార్. మీ అసుంటోళ్లు తయారు చేసిన్రు గద, తొందరగ అరగను."

షారోన్ సంగతంతా చెప్పింది. 420 అనగానే ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా మూడుని చూసి బాలానగర్‌లో నవ్విన నవ్వు అదే.

"నవ్వుడు కాదు సార్" అన్నాను. "నాలుగు పక్కన ఇరవై వస్తదని పద్ధతి పెట్టిననాడే మీరు చూడలేదా?"

"నాలుగునే చూడలేదయ్యా" అన్నారు. నవ్వు మెల్లగా తగ్గింది. "అప్పుడు మన ఫ్యాక్టరీ ఎలా ఉండేది? వానొస్తే ఇంజన్ల మీద టార్పాలిన్ కప్పేవాళ్లం. మూడో తరం వస్తే గొప్ప అనుకున్నాను. నాలుగో తరం దాకా మన కంపెనీ బతుకుతుందని ఎవరనుకున్నారు?"

 మిక్సీ మోటారు నుంచి కాలిన వాసన వస్తోంది.

"పద్ధతి తీసేస్తామంటున్నారండి" అంది షారోన్.

"తీసేస్తే తీసేయనివ్వమ్మా. నేనేం దాన్ని నెత్తిన పెట్టుకుపోను." అలా అన్నారు గానీ, స్క్రూ ఒకటి చేతిలో నుంచి జారి సోఫా కిందికి పోతే వెతకలేదు. జారిన స్క్రూని ఆయన వెతకకపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆయన మనసు మళ్లిద్దామని, "నేనైతె 421 పెడదామన్న సార్" అన్నాను.

తలెత్తి చూశారు. "వినోద్ నీలోకి ఎప్పుడు దూరాడయ్యా?"

నాకు తగలాల్సిన చోట తగిలింది. నేనే సోఫా కింద దూరి స్క్రూ వెతికాను, మొహం దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకలేదు. పైనుంచి ఆయన గొంతు వినిపించింది.

"అమ్మా, ఇరవై అని ఎవరు చెప్పారు?"

"టెస్ట్ రిపోర్టండి."

"ఎక్కడ టెస్టు?"

"ల్యాబ్‌లోనండి. బెంచీ మీద..." అని షారోన్ ఆగిపోయింది.

నేను సోఫా కింద నుంచి తల బయటపెట్టాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. రేకుల స్టెన్సిల్ పోయింది, రేకు బ్యాడ్జీ పోయింది, బాలానగర్ పోయింది. వాటితో పాటు ఆ ఒక్క మాట కూడా ఎక్కడో జారిపోయింది. పాత బలాలు గనక 436, 445 అలవాటు కొద్దీ పొలం లెక్కతోనే ఉండిపోయాయి, కొత్తగా పుట్టిన ఈ చిన్న బండికి మాత్రం బెంచీ లెక్కే తెర మీదికి ఎక్కింది.

"తోటలో ఎంత ఇస్తుందో చూసి రా అమ్మా" అన్నారు సుబ్బారావు గారు, మిక్సీ మూత బిగిస్తూ.

మామిడి తోట, తర్వాత మీటింగు

షారోన్ ఊరుకునే రకం కాదు. ఆ వారమే బలం కొలిచే యంత్రాన్ని బండి మీద ఎక్కించి, సంగారెడ్డి దగ్గర మామిడి తోటకు తీసుకెళ్లింది. ఎండ మండుతోంది. దుమ్ము పట్టిన ఫిల్టరు పెట్టించింది, ఊళ్లో డబ్బాలో అమ్మే డీజిలు పోయించింది. మెత్తని నేలలో మధ్యాహ్నమంతా తిప్పించింది. నేను గొడుగు పట్టుకుని నిలబడి సలహాలు ఇచ్చాను, ఎవరూ వినలేదు. చివరికి యంత్రం చూపించింది పద్దెనిమిది, ఆ పైన చిల్లర.

"418" అంది షారోన్. దుమ్ములో మొహమంతా తెల్లగా ఉంది, పళ్లు ఇంకా తెల్లగా.

బోర్డు మీటింగ్ ముందు కార్తీక్ సార్ దగ్గర కూర్చున్నాం. ఆయన తెలివితక్కువవాడు కాదు, సరైన ప్రశ్నే అడిగాడు.

"పక్క కంపెనీవాడిది ఇరవై అని ఉంటుంది. మనది పద్దెనిమిది అని ఉంటే ఎవరు కొంటారు షారోన్?"

"మొదటి నెల తక్కువే కొంటారండి" అంది. "కానీ రెండూ పక్కపక్కన తోటలో తిరుగుతాయి కదండి. అప్పుడు ఇరవై బండి ఎక్కడ ఆగుతుందో పద్దెనిమిదీ అక్కడే ఆగితే, జనం ఎవరి నంబరు నమ్ముతారు?"

"అది నీ ఊహ."

"ఊహ కాదండి. యాదగిరి గారూ, ఆ రెండు నలభై సంగతి చెప్పండి."

చెప్పాను. కొమురయ్య గొంతుతో సహా. రేడియం షాపతను చేయి కలిపిన దగ్గర కార్తీక్ సార్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. నవ్వి, పెన్ను బల్ల మీద తడుతూ కూర్చున్నాడు.

"బ్రోచర్‌లో బెంచీ లెక్క చిన్నక్షరాల్లో వేసుకుంటాను. అది నిజమే కదా?"

"నిజమే సార్" అన్నాను. "బానెట్ మీద వద్దు."

"బానెట్ మీద 418. పేర్లు తర్వాత చూద్దాం" అన్నాడు. గెలిచామని ఎగరకండి అన్నట్టు ఆ 'తర్వాత' మాటను కాస్త నొక్కాడు. ఆఫీసుల్లో ఏ గెలుపుకైనా చివర ఒక తర్వాత ఉంటుంది. మీరు కూడా అలవాటు పడండి. జ్యోతిషం చెప్పే మా అడ్మిన్ ఆయన మాత్రం, నాలుగూ ఒకటీ ఎనిమిదీ కూడితే పదమూడు, మళ్లీ కూడితే నాలుగు, భలే కుదిరిందన్నాడు. కుదరకపోయినా కుదిరిందనేవాడే.

గేటు దగ్గర

మొదటి 418ని ఆఫీసు ముందు ఫొటో తీయాలన్నారు. నేను ఒక్కటే అడిగాను. ఈ ఒక్క బండికి స్టిక్కర్ వద్దు, నేను రేకు కోసి రంగు వేస్తాను అని. షారోన్ ఒప్పించింది. చాలా ఏళ్ల తర్వాత జింకు రేకు పట్టుకున్నాను. తరం చోట వచ్చే నాలుగుని నేను అంతకుముందు ఎన్నడూ కోయలేదు. మధ్యలో మూడు మూలల ముక్క ఊడకుండా వంతెన వదిలి, పొద్దున్నే ఆఫీసు గేటు బయట నిలబెట్టిన బండి మీద తెల్ల రంగు కొట్టాను.

బిల్డింగ్ సెక్యూరిటీ నర్సింలు, పాలమూరు పిల్లగాడు, చేతులు అడ్డంపెట్టి వచ్చాడు. "అన్నా, ట్రాక్టర్ లోపటికి పోనియ్యరు. ఓన్లీ కార్లు."

"ఇది ట్రాక్టర్ల కంపెనీయే తమ్మీ!"

"గయితె ఏంది? రూల్ రూలే. డెలివరీ గేటుకెళ్లి తీస్కపో." అంటూనే బానెట్ వైపు చూశాడు. గొంతు మారింది. "ఏ, మనదేనా గిది! మా నాయినది రెండు ముప్పయ్యారు. ఇప్పటికీ నడుస్తది."

అప్పుడే సుబ్బారావు గారు ఆటో దిగారు. నేను పిలిచాను, రానన్నారు. ఇస్త్రీ చొక్కా చూస్తే రానన్నవాడిలా లేరు. పాతకాలం లాగానే ఇన్‌షర్ట్ చేసుకున్నారు. షారోన్ ఎదురు వెళ్లబోతే, వద్దమ్మా అని చేయి ఊపి, తనే బండి చుట్టూ ఒకసారి తిరిగారు. టైర్లు చూడలేదు, సీటు చూడలేదు. బానెట్ దగ్గర ఆగారు.

ఆయనెవరో నర్సింలుకి తెలియదు. ఎవరో పెద్దాయన ట్రాక్టర్ చూస్తున్నాడనుకుని, సొంత బండి చూపించినట్టు చూపించాడు. "నాలుగొచ్చింది సార్. మూడు అయిపోయింది, ఇగ నాలుగు. చూసిన్రా?"

"చూశానయ్యా" అన్నారు సుబ్బారావు గారు. "చూశాను."

చెయ్యి చాపి ఆ అంకె మీద వేలు పెట్టారు. "సార్, రంగు ఆరలే" అన్నాను గానీ, అప్పటికే ఆలస్యమైంది. వేలు తీసేసరికి నాలుగు కాలు మీద ఆయన వేలిముద్ర పడింది.

కార్తీక్ సార్ ఫొటోకి అందర్నీ పిలుస్తున్నాడు. నా చేతిలో కుంచె ఉంది, డబ్బాలో రంగు ఉంది, సరిచేయడం ఒక్క క్షణం పని. ఇన్నేళ్ల ఉద్యోగంలో చెదిరిన అంకెను అలాగే వదిలేసింది ఆ ఒక్కసారే.